ఇకపై ఆర్డర్లు రాసి పంపండి

మా దగ్గర పూతరేకులు కొనే మీ అందరికీ నమస్కారం. ఈ నెల నుంచి ఫోనులో ఆర్డర్లు తీసుకోవడం లేదు, వాట్సాప్‌లో రాసి పంపాలి. దుకాణంలో టీవీ తీసేశాం. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు తలుపు వేసి ఉంటుంది. ఒంట్లో బాగాలేదా అని కొందరు, వ్యాపారం తగ్గిందా అని కొందరు అడిగారు. రెండూ కావు.

మా బాబుకు ఆటిజం ఉందని ఆత్రేయపురంలో చాలామందికి తెలుసు. రాజమహేంద్రవరంలో వాడిని చూసే సైకాలజిస్టు అడిగినవాటికి జవాబిస్తుంటే, వాడి పేరుతో నా చిన్నతనమే చెబుతున్నానని అనిపించింది. పెళ్లిలో బాజాలు మొదలవగానే వెనుక గదిలో దాక్కున్న పిల్లను నేను. ఎదుటివారి కళ్లలోకి చూస్తే వారి మాట నా చెవికెక్కదు. తరువాత నేనూ పరీక్ష చేయించుకున్నాను. నలభై ఒక్కేళ్ల వయసులో నాకూ ఆటిజం ఉందని తేలింది.

ఆడవాళ్లలో ఇది చాలాసార్లు ఆలస్యంగా బయటపడుతుంది. ఎప్పుడు నవ్వాలో, ఎక్కడ తల ఊపాలో చుట్టూ ఉన్నవారిని చూసి నేర్చుకుని నెట్టుకొస్తారు. కోడలిగా వచ్చినప్పటి నుంచి గల్లాపెట్టె దగ్గర నేను చేసింది అదే. పండగ రోజుల్లో ఒక పక్క ఫోను మోగుతూ, మరో పక్క నలుగురు ఒకేసారి అడుగుతుంటే సాయంత్రానికి నోట మాట వచ్చేది కాదు. దాన్ని పొగరు అనుకున్నవారున్నారు. అది పొగరు కాదండీ, అలసట.

కుండ దగ్గర మాత్రం ఎంతసేపున్నా అలసిపోను. బోర్లించిన కుండ కాగాక, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి దాని మీద లాగితే క్షణంలో రేకు తేరుతుంది. మళ్లీ అదే కదలిక, అదే వేడి, ఎండిన కొబ్బరాకుల చిటపటలు. బాబు కూడా అక్కడే కుదురుగా కూర్చుంటాడు. రేకు ఎక్కడ చిరిగిందో మా అందరికన్నా ముందు వాడి కంటికే కనబడుతుంది. వాడు దుకాణంలో ఉంటే దయచేసి బుగ్గలు గిల్లవద్దు, పేరు చెప్పమని బలవంతం చేయవద్దు. గోదావరి మీద తిరిగే పంటుల గురించి అడగండి, చాలాసేపు చెబుతాడు.

పెట్టెలు కట్టించుకుంటూ గొంతు తగ్గించి తమ పిల్లల గురించి అడిగిన తల్లులున్నారు. అమ్మా, ఇది టీకాల వల్ల రాదు, మీ పెంపకం వల్ల అసలే రాదు. ఎక్కువగా వంశపారంపర్యంగా వస్తుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. వైకల్యం ఉందని ప్రభుత్వం ఇచ్చే సదరం ధ్రువపత్రం తీసుకోవడానికి సిగ్గుపడకండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమాలో చేరితే ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్యానికి, థెరపీలకు సాయం అందుతుంది. మన వైపు ఈ సంగతి తెలిసినవారు తక్కువ, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

రుచిలో, కొలతలో, ధరలో మార్పేమీ లేదు. బెల్లంవా పంచదారవా, ఎన్ని పెట్టెలు, ఏ రోజుకు కావాలి, ఈ మూడూ రాస్తే చాలు. రాయడం రాని పెద్దలు వాయిస్ మెసేజ్ పెట్టండి, నిదానంగా విని నేనే జవాబిస్తాను. సంక్రాంతి ఆర్డర్లు డిసెంబరు 25 లోపు అందాలి.