హిమాలయాల మంచు, ఒక వీడియో, మన తొమ్మిదో తరగతి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు,

నమస్కారం. వేసవి సెలవులు ముగిసి పిల్లలు మళ్లీ బడికి వచ్చారు. పుస్తకాల పంపిణీ, బస్సు వేళలు, మొదటి యూనిట్ పరీక్షల వివరాలు వెనక పేజీలో ఉన్నాయి. ఈ పేజీని మాత్రం ఒకే విషయానికి కేటాయిస్తున్నాను.

ఒంటిపూట బడుల రోజుల్లో తొమ్మిదో తరగతిలో భూతాపం మీద జరిగిన చర్చ మీ ఇళ్లదాకా వచ్చింది. ఆ తర్వాత కొందరు నన్ను కలిశారు, కొందరు ఫోన్ చేశారు. "భూమి వేడెక్కుతోందన్నది ఒక వాదన మాత్రమే కదండీ, బడిలో ఒక పక్షమే ఎందుకు చెబుతున్నారు?" అని ఒక తండ్రి అడిగారు. "ఇంకొన్నేళ్లలో అంతా అయిపోతుందట మేడమ్, మా అమ్మాయి రాత్రిళ్లు సరిగా పడుకోవడం లేదు" అని ఒక తల్లి చెప్పారు. ఇద్దరి బాధా న్యాయమైనదే. ఇద్దరికీ జవాబు చెప్పాల్సింది బడే.

ఆ రోజు చర్చలో తరగతిని నోరెత్తనివ్వకుండా చేసిన వాదన ఒకటుంది. ఒక అబ్బాయి ఇంట్లో వాట్సాప్‌లో చూసిన వీడియో గురించి చెప్పాడు. 2035 కల్లా హిమాలయాల్లో మంచు ఉండదని ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తలు రాశారు, తర్వాత అది తప్పని వాళ్లే ఒప్పుకున్నారు, కాబట్టి మిగతాదంతా కూడా అబద్ధమే అన్నాడు. అవతలి పక్షం పిల్లలకు ఏం చెప్పాలో తోచలేదు. అబ్బాయి చెప్పిన మొదటి రెండు మాటలూ నిజం. అందుకే ఆ కథ మీకు పూర్తిగా చెప్పాలనుకుంటున్నాను. దేన్ని నమ్మాలి, ఎంతవరకు నమ్మాలి అన్నది నేర్పడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు.

ఆ అబ్బాయి చెప్పిన ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తలంటే ఐపీసీసీ వాళ్లు. అది వాతావరణ మార్పును పరిశీలించడానికి ప్రపంచ వాతావరణ సంస్థ, ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం కలిసి 1988లో ఏర్పాటు చేసిన సంఘం. అది సొంతంగా పరిశోధనలు చేయదు. ప్రపంచమంతటా అచ్చయిన పరిశోధనలను చదివి, బేరీజు వేసి, కొన్నేళ్లకోసారి నివేదిక ఇస్తుంది. 2007 నివేదికలో రెండో సంపుటం ఆసియా అధ్యాయంలో ఒక వాక్యం దొర్లింది. ఇప్పటి వేగమే కొనసాగితే 2035 నాటికి, బహుశా ఇంకా ముందే, హిమాలయ హిమానీనదాలు అంతర్ధానమయ్యే అవకాశం చాలా ఎక్కువ అని దాని సారాంశం. అదే ఏడాది ఆ సంఘానికి నోబెల్ శాంతి బహుమతిలో వాటా దక్కింది. దాంతో ఆ వాక్యం పత్రికలన్నిటికీ ఎక్కింది.

హిమానీనదాల మీద పనిచేసేవాళ్లు మాత్రం దాన్ని చూసి నిర్ఘాంతపోయారు. వందల మీటర్ల మందాన పేరుకున్న మంచు అంత తొందరగా కరగడం భౌతికంగా అసాధ్యం. కెనడాలో గ్రాహం కోగ్లీ అనే హిమానీనద శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఆ వాక్యం ఎక్కణ్నుంచి వచ్చిందో కూపీ లాగారు. ఐపీసీసీ దాన్ని ఒక పర్యావరణ సంస్థ 2005లో వేసిన నివేదిక నుంచి తీసుకుంది. ఆ సంస్థ 1999లో ఒక బ్రిటిష్ సైన్స్ పత్రికలో ఇంటర్వ్యూ ఆధారంగా వచ్చిన చిన్న వార్త నుంచి తీసుకుంది. ఎక్కడా పరిశోధన పత్రమన్నదే లేదు. ఐపీసీసీ వాక్యం పక్కనే ఇచ్చిన హిమానీనదాల విస్తీర్ణం అంకెలు చూస్తే ఇంకా విచిత్రం. అవి 1996 నాటి ఒక రష్యన్ శాస్త్రవేత్త అంచనాతో సరిపోయాయి. ఆ అంచనా హిమాలయాలది కాదు, ధ్రువాలను మినహాయించి ప్రపంచంలోని హిమానీనదాలన్నిటిదీ. అక్కడ రాసిన సంవత్సరం 2350. ఎక్కడో ఎవరి చేతిలోనో అంకెలు తారుమారయ్యాయన్నమాట.

మన దేశంలో దీని మీద గొడవ ఇంకా ముందే మొదలైంది. 2009 నవంబరులో కేంద్ర పర్యావరణ శాఖ ఒక చర్చాపత్రం విడుదల చేసింది. భూగర్భ సర్వేక్షణ సంస్థలో పెద్ద పదవిలో పనిచేసి రిటైరయిన వి.కె. రైనా రాశారు దాన్ని. హిమానీనదాలు వెనక్కి తగ్గుతున్న మాట నిజమే గానీ అసాధారణ వేగంతో కాదని ఆయన అన్నారు. అప్పటి ఐపీసీసీ అధ్యక్షుడు రాజేంద్ర పచౌరి దాన్ని చేతబడి శాస్త్రమనే అర్థం వచ్చే మాటతో కొట్టిపారేశారు. రెండు నెలలు తిరిగాయి. 2010 జనవరి 20న ఐపీసీసీ తన 2035 వాక్యానికి సరైన ఆధారం లేదని, తమ నియమాలు తామే పాటించలేదని ప్రకటించి విచారం వ్యక్తం చేసింది. ప్రశ్నించినవారిని అధ్యక్షుడు అలా తీసిపారేయడం తగని పని అనే నేను పిల్లలకు చెబుతాను. ఎంత పెద్ద కుర్చీలో ఉన్నవారికైనా అది వర్తిస్తుంది.

ఇక్కడ పిల్లలు గమనించాల్సింది ఆ తప్పును పట్టుకున్నదెవరన్నది. భూమి వేడెక్కుతోందని, దానికి మనుషులే కారణమని చెబుతున్న శాస్త్రవేత్తలే పట్టుకున్నారు. అదే నివేదిక మొదటి సంపుటంలో హిమానీనదాల నిపుణులు రాసిన అధ్యాయంలో 2035 ఊసే లేదు. తర్వాత ప్రపంచ దేశాల సైన్స్ అకాడమీల ఉమ్మడి మండలి ఐపీసీసీ పనితీరును తనిఖీ చేసి, ఆధారాల పరిశీలన కట్టుదిట్టం చేయమని 2010లోనే చెప్పింది. ఒక లెక్క తప్పు చేసిన పిల్లవాడి జవాబు పత్రం మొత్తాన్ని మనం కొట్టేయం, అలాగని ఆ లెక్కకు మార్కులూ వేయం. ఈ నివేదిక విషయంలోనూ అంతే.

మరి అసలు మంచు సంగతి? అమెరికా గూఢచారి ఉపగ్రహాలు 1970లలో తీసిన ఫోటోలు తర్వాత బయటికొచ్చాయి. వాటిని ఇప్పటి ఉపగ్రహ చిత్రాలతో పోల్చి 650 హిమాలయ హిమానీనదాలను కొలిచిన పరిశోధన 2019లో అచ్చయింది. 1975 నుంచి 2000 వరకు ఏటా పోయిన మంచుకంటే 2000 తర్వాత ఏటా పోతున్నది రెట్టింపు అని తేలింది. కాఠ్మండూలోని పర్వతాభివృద్ధి కేంద్రం 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2011–2020 మధ్య కరుగుదల అంతకుముందు దశాబ్దం కంటే 65 శాతం ఎక్కువ. ఉద్గారాలు ఇలాగే పెరిగితే ఈ శతాబ్దం చివరికి ఇప్పుడున్న మంచులో 80 శాతం దాకా పోవచ్చు. కారకోరం ప్రాంతంలో మాత్రం కొన్ని హిమానీనదాలు చాలాకాలం నిలకడగా ఉన్నాయి, కొన్ని పెరిగాయి కూడా. అదీ పాఠంలో చెప్పాలి. 2035 అన్నది అబద్ధం, కరుగుతోందన్నది నిజం. ఈ రెండు మాటల్నీ ఒకేసారి మనసులో పెట్టుకోగలిగిన పిల్లవాణ్ని ఏ వీడియో కూడా మోసం చేయలేదు. (మన గోదావరి, కృష్ణ హిమాలయాల్లో పుట్టినవి కావు, వాటికి వానే ఆధారం. హిమాలయాల మంచు పోతే గోదావరి ఎండిపోతుందని కూడా ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది. అదీ తప్పే.)

ఒక పక్షమే ఎందుకు చెబుతున్నారన్న తండ్రిగారికి ఇంకో సంగతి చెప్పాలి. అనుమానించినవారి గురించి కూడా పిల్లలకు చెబుతాం. అయితే ఊరికే అనుమానించి ఊరుకోకుండా, కొలిచి చూసినవారి గురించి చెబుతాం. రిచర్డ్ ముల్లర్ కాలిఫోర్నియాలో భౌతికశాస్త్ర ఆచార్యుడు. ఉష్ణోగ్రత లెక్కల మీద ఆయనకు గట్టి అనుమానాలుండేవి. వాతావరణ కేంద్రాల చుట్టూ నగరాలు పెరిగి, కాంక్రీటు వేడి లెక్కల్లో చేరుతోందేమో, నచ్చిన కేంద్రాలనే ఏరుకుంటున్నారేమో అనుకున్నారు. మనలో చాలామంది అడిగేదీ ఇదే కదా. 2010లో బర్కిలీ ఎర్త్ పేరుతో ఒక బృందాన్ని కూడగట్టి దొరికిన కేంద్రాల లెక్కలన్నీ మొదటినుంచీ మళ్లీ చేశారు. భూతాపాన్ని నమ్మని వర్గాలకు దగ్గరైన ఒక సంస్థ కూడా ఆ పనికి డబ్బిచ్చింది. 2011లో ఫలితం వచ్చింది. పాత లెక్కలు సరిగ్గానే ఉన్నాయి, నగరాల వేడి వల్ల ప్రపంచ సగటు చెప్పుకోదగ్గంత మారలేదు. మరుసటి ఏడాది ఆయన దాదాపు పూర్తి కారణం మనుషులేనని పత్రికలో రాశారు. డబ్బిచ్చినవారు ఆశించింది ఇది కాకపోవచ్చు. అయినా దాచలేదు.

ఉపగ్రహాల కథా ఇలాంటిదే. 1990లలో అలబామా విశ్వవిద్యాలయానికి చెందిన రాయ్ స్పెన్సర్, జాన్ క్రిస్టీల ఉపగ్రహ లెక్కల్లో వేడి దాదాపు పెరగనట్టే కనిపించేది. ఉపగ్రహాల కక్ష్య క్రమంగా కిందికి దిగుతున్న విషయం లెక్కలోకి రాలేదని 1998లో, కొలిచే వేళ జరిగిపోతున్నదాన్ని తప్పుగా సరిచేశారని 2005లో వేరే శాస్త్రవేత్తలు చూపించారు. స్పెన్సర్, క్రిస్టీ తమ లెక్కలు దిద్దుకున్నారు. విపరీత భయాలను ఇప్పటికీ ఒప్పుకోని ఆ ఇద్దరి లెక్క ప్రకారమే ఇప్పుడు దశాబ్దానికి సుమారు 0.15 డిగ్రీలు పెరుగుతోంది.

కార్బన్ డయాక్సైడ్ వేడిని పట్టి ఉంచుతుందన్నది నిన్నమొన్నటి ఊహ కాదు. జాన్ టిండాల్ 1859లో ప్రయోగశాలలో కొలిచి చూపించాడు. 1958లో హవాయి దీవుల్లో చార్లెస్ కీలింగ్ గాలిని కొలవడం మొదలుపెట్టినప్పుడు పది లక్షల పాళ్లలో 315 పాళ్ల చొప్పున ఉన్న ఆ వాయువు ఇప్పుడు 420 దాటింది. పారిశ్రామిక యుగానికి ముందు 280. సూర్యుడే కారణమైతే వాతావరణం పై పొర కూడా వేడెక్కాలి. కింద వేడెక్కుతుంటే పైన స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. మా సైన్స్ టీచరు ఈ ఒక్క మాట బల్ల మీద బొమ్మ గీసి చెబితే ఎనిమిదో తరగతి పిల్లలకూ అర్థమైంది.

అందుకని ఇకనుంచి చర్చ అంశాన్ని "భూతాపం నిజమా, కాదా" అని పెట్టం. అది ఓట్లతో తేలే విషయం కాదు. చర్చించడానికి అసలైన ప్రశ్నలు వేరే ఉన్నాయి. బొగ్గు ఎంత త్వరగా మానాలి? ఇన్నేళ్లుగా పొగ వదిలిన దేశాలు ఎంత ఇచ్చుకోవాలి? ఏటా తలకు సుమారు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదిలే భారతీయుడూ, పద్నాలుగు టన్నుల దాకా వదిలే అమెరికా పౌరుడూ ఒకే త్యాగం చేయాలా? 2070 నాటికి నికర ఉద్గారాలు సున్నా చేస్తామని 2021లో గ్లాస్గోలో మన దేశం ఇచ్చిన మాట తొందరా, ఆలస్యమా? వీటిలో న్యాయం, డబ్బు, రాజకీయం అన్నీ కలిసి ఉన్నాయి. ఇక్కడ మీ ఇంట్లో ఒక అభిప్రాయం, నాకు ఇంకో అభిప్రాయం ఉండొచ్చు. పిల్లలు ఏ పక్షమైనా తీసుకుని గట్టిగా వాదించవచ్చు.

"రోహిణి కార్తెలో రోళ్లు పగలడం మా తాతల నాడూ ఉన్నదే కదా" అని కొందరు పెద్దలన్నారు. నిజమే. ఏ ఒక్క రోజు ఎండనూ, ఏ ఒక్క ఏడాదినీ పట్టుకుని భూతాపమని చెప్పకూడదు. 2016 మేలో రాజస్థాన్‌లోని ఫలోదీలో 51 డిగ్రీలు నమోదైనప్పుడు దాన్ని పరిశీలించిన శాస్త్రవేత్తలు సూటిగా భూతాపం వల్లే అని చెప్పలేదు. గాలిలోని దుమ్ము, పొగ, పొలాలకు పారే నీరు మన దేశంలో పగటి వేడి పెరుగుదలను కొంత కప్పిపుచ్చుతున్నాయన్నారు. 1901 నుంచి 2018 దాకా మన దేశ సగటు సుమారు 0.7 డిగ్రీలే పెరిగింది, ప్రపంచ సగటు కంటే తక్కువ. అయినా 1901 తర్వాత మన దేశంలో అత్యంత వేడి సంవత్సరం 2024. 2015 మేలో వడదెబ్బకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా పోయారు. పెరిగింది తక్కువే కదా అని నిశ్చింతగా ఉండే పరిస్థితి కాదు.

ఉప్పాడ తీరం గురించీ ఇంతే జాగ్రత్తగా మాట్లాడాలి. మన పిల్లల్లో కొందరి అమ్మమ్మగారి ఊళ్లు అటే. ఇళ్లు, గుళ్లు సముద్రంలో కలిసిపోవడం వాళ్లు కళ్లారా చూశారు. అక్కడ సముద్రమట్టం పెరుగుదల ఒక్కటే కారణం కాదు. గోదావరి ఒండ్రు పైనున్న ఆనకట్టల వెనక ఆగిపోవడం, తీరంలో కట్టిన నిర్మాణాల వల్ల ఇసుక నడక మారడం కూడా ఉన్నాయి. అన్నిటినీ భూతాపం ఖాతాలో రాస్తే మనం ఇక్కడే సరిచేసుకోగలిగినవి మరుగున పడిపోతాయి.

నిద్రపట్టని అమ్మాయికి నేను చెప్పింది ఇది: ఫలానా ఏడాదికి ప్రపంచం అంతమవుతుందని ఏ శాస్త్రీయ నివేదికా చెప్పలేదమ్మా. వేడి పెరిగేకొద్దీ నష్టం పెరుగుతుంది, తగ్గించుకున్న ప్రతి అర డిగ్రీకీ విలువ ఉంది, ఆ పని చేస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి ఇంట్లో మీరూ ఇదే చెప్పండి. టీవీలో భయపెట్టే సంగీతంతో వచ్చే కార్యక్రమాలు చిన్న తరగతుల పిల్లలకు రాత్రిపూట చూపించకండి.

ఫోన్లో ఏదైనా వచ్చినప్పుడు పిల్లల పక్కన కూర్చుని, ఇది మొదట ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో, తప్పని తేలాక దిద్దుకున్నారో లేదో కలిసి వెతకండి. 2035 కథను కోగ్లీ ఛేదించింది అలాగే, ఒక్కో కాగితం వెనక్కి తిప్పుకుంటూ. పది నిమిషాలు వెతికినా మూలం దొరకకపోతే "తెలియదు" అనడం నేర్పండి, ముందుకు పంపకుండా ఆపడం నేర్పండి.

ఈ నెల నుంచి ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు బడి ఆవరణలో నీడపట్టున పెట్టిన థర్మామీటరు, వానకొలత పాత్ర రోజూ చూసి రాస్తారు. ఆ అంకెలను వాతావరణ శాఖవారి 1991–2020 ముప్పై ఏళ్ల సగటుతో పోలుస్తారు. ఒక్క ఏడాది లెక్కతో వాతావరణ మార్పు గురించి ఏమీ తేల్చలేమన్నది వాళ్లు నేర్చుకోబోయే మొదటి విషయం. మీ ఇళ్లలో పాత వర్షపాతం లెక్కలు, నాట్ల తేదీలు రాసుకున్న పుస్తకాలు ఉంటే పిల్లలతో పంపండి. జిరాక్స్ తీసి భద్రంగా తిరిగి ఇస్తాం.

జూలై మొదటి శనివారం మధ్యాహ్నం మూడింటికి తల్లిదండ్రుల సమావేశంలో ఒక గంట దీనికే. మా సైన్స్, సోషల్ టీచర్లు ఉంటారు. ఈ లేఖలో ఏ మాటతోనైనా మీరు ఏకీభవించకపోతే తప్పక రండి, మీ దగ్గరున్న వీడియో, పేపరు కటింగు ఏదైనా సరే తీసుకురండి. రెండు రోజులు ముందుగా ఆఫీసులో ఇస్తే దాని మూలం వెతికి ఉంచుతాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు