ఆ చేపను ఎలా తీశారో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో సముద్రం అడుగున తీసిన ఫొటోలు రెండు పేజీల నిండా వేశారు. మా స్టూడియోకు వచ్చినవాళ్లందరికీ చూపించాను. తాబేలు మొహం మీద పొలుసులు లెక్కపెట్టుకోవచ్చు, అంత స్పష్టంగా ఉన్నాయి. ఏ కెమెరాతో తీశారు, ఎన్ని కె (అంటే బొమ్మలో ఎన్ని చుక్కలన్న లెక్క), సెకనుకు ఎన్ని ఫ్రేములు, అన్నీ కింద రాశారు. ఆ జీవి దగ్గరికి ఎంతవరకు పోయారు, దాన్ని ముట్టుకున్నారా, తరిమారా, మేత వేసి పిలిచారా, ఇది మాత్రం రాయలేదు. ఆ ఒక్క సంగతి కోసమే ఈ ఉత్తరం.

నేను కడపలో ఇరవై ఏడేళ్లుగా పెళ్లి వీడియోలు తీస్తున్నాను. క్యాసెట్ల కాలంలో మొదలుపెట్టి 4కె దాకా వచ్చాను. కడపకూ సముద్రానికీ ఏం సంబంధమని మీరు అనుకోవచ్చు. మా ఇంట్లో పరిచిన నల్ల కడప బండ ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురదే. వేంపల్లె వైపు రాళ్లలో ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టు పొరలు పొరలుగా వలయాలు కనిపిస్తాయి. దాదాపు నూట తొంభై కోట్ల ఏళ్లకు ముందు, లోతు లేని సముద్రంలో బతికిన సూక్ష్మజీవులు పేర్చిపోయినవి అవి. ఆ సముద్రం ఎప్పుడో పోయింది. ఇప్పుడు మా పిల్లలు అల చూడాలంటే నెల్లూరు దాటి మైపాడు పోవాలి. నీటి అడుగున ఏముందో చూడాలంటే మీ పేపరో, టీవీయో, ఫోనో తప్ప ఇంకో దారి లేదు. అందుకే మీరేం చూపిస్తారన్నది మాలాంటి ఊళ్లకు చాలా పెద్ద విషయం.

నలభై ఆరేళ్ల వయసులో విశాఖ పోయి డైవింగ్ నేర్చుకున్నాను. కెమెరాకు హౌసింగ్ కొన్నాను. అల్యూమినియం పెట్టె అది, కెమెరా కన్నా బరువు. పది మీటర్లు దిగేసరికి పైన ఉన్న గాలి ఒత్తిడికి రెట్టింపు ఒత్తిడి ఆ పెట్టె మీద పడుతుంది. నీళ్లు లోపలికి రాకుండా ఆపేది సన్నటి రబ్బరు రింగు ఒక్కటే. ముందు రోజు రాత్రి లాడ్జి గదిలో ఫ్యాను ఆపేసి, ఆ రింగుకు వేలికొసతో గ్రీజు పూసి, దీపం వెలుగులో చుట్టూ తిప్పి తిప్పి చూసుకోవాలి. తలవెంట్రుక ఒక్కటి అతుక్కున్నా చాలు, లక్షల సామాను ఉప్పునీళ్ల పాలవుతుంది. ఆ రాత్రి నాకున్న టెన్షన్ ఏ పెళ్లి ముహూర్తానికీ పడలేదు.

దిగాక నన్ను ఆశ్చర్యపరిచింది చేపలు కాదు, నా చేతికున్న ఎర్రదారం. దేవుని కడప గుళ్లో కట్టించుకున్నది. ఐదారు మీటర్లు దిగేసరికి ఆ ఎరుపు మట్టిరంగుకు తిరిగింది. ఇంకా దిగితే బూడిదరంగు అయిపోయింది. వీడియో లైటు వేశాను, మళ్లీ కుంకుమలా మెరిసింది. లైటు ఆపాను, మళ్లీ బూడిద. సూర్యకాంతిలో ఎరుపును నీళ్లు అన్నిటికన్నా ముందు తాగేస్తాయి, తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు. చివరికి మిగిలేది నీలమే. ఎన్నో ఏళ్లు మంటపాల్లో వైట్ బ్యాలెన్స్, అంటే వెలుతురును బట్టి కెమెరాలో రంగులు, సరిచేసినవాణ్ణి. రంగు అనేది వస్తువులో కాదు, దాని మీద పడే వెలుతురులో ఉంటుందని నాకు నిజంగా అర్థమైంది మాత్రం ఆ రోజే.

ఆ లైటును ఎక్కడ పట్టుకోవాలన్నదీ ఒక విద్యే. లెన్సు పక్కనే పెడితే నీళ్లలో తేలే నలుసులన్నీ వెలిగిపోతాయి. మట్టిరోడ్డు మీద ముందు లారీ పోతుంటే వెనక హెడ్‌లైటు వేసినట్టు ఉంటుంది. అందుకని పొడుగాటి చేతులకు బిగించి రెండు పక్కలా దూరంగా పెడతారు.

ఇక కెమెరా గొప్పతనం. 4కె అంటే ఒక్కో ఫ్రేములో 83 లక్షల చుక్కలు, 8కె అంటే 3 కోట్ల 30 లక్షలకు పైనే. కల్యాణ మంటపంలో ఆ తేడా తెలుస్తుంది, పట్టుచీర జరీ పోగు పోగుగా కనిపిస్తుంది. నీళ్లలో లెక్క వేరు. లెన్సుకూ చేపకూ మధ్య ఎంత నీరుంటే అంత మసక. జూమ్ చేస్తే ఆ మసకే పెద్దదవుతుంది. కోటి చుక్కలు పెట్టినా మసకను మసకగానే చూపిస్తాయి. అందుకే నీళ్లలో వీడియో నేర్పేవాళ్లు చెప్పే మొదటి మాట: దగ్గరికి పో, ఇంకా దగ్గరికి పో. చిక్కంతా ఇక్కడే ఉంది సార్. కెమెరా ఎంత మంచిదైతే మనిషికి అంత దగ్గరికి పోవాలనిపిస్తుంది. చేప ఏమో వెనక్కి జరుగుతుంది. అప్పుడు చెయ్యి ముందుకు పోతుంది.

మూడేళ్ల కిందట అండమాన్ పోయాను. మాతో దిగిన గైడు మంచివాడే, నా గాలి సిలిండరు రెండు మూడుసార్లు చూసి జాగ్రత్త చెప్పాడు. పన్నెండు మీటర్ల లోతున పగడాల సందులో ముళ్ల చేప ఒకటి కనిపించింది. పోర్క్యుపైన్ ఫిష్ అంటారు. గుండ్రటి పెద్ద కళ్లు, ఒంటికి అతుక్కుని పడుకున్న ముళ్లు. నేను కెమెరా ఆన్ చేశాను. అది సందులోకి జరిగింది. గైడు నా వైపు చూసి, గ్లవ్స్ చేతులతో దాన్ని బయటికి లాగి, నా లెన్సు ముందు పెట్టాడు.

అది గుటకలు గుటకలుగా నీళ్లు మింగింది. రెండు మూడు క్షణాల్లో బంతి అయింది, ముళ్లన్నీ నిటారుగా లేచాయి. చిన్న రెక్కలు రెండూ పక్కలకు టపటపా కొట్టుకుంటున్నాయి, కానీ ఒళ్లు కదలడం లేదు. అంత ఉబ్బాక అది ఈదలేదు. దాని కన్ను నా లెన్సు అద్దానికి జానెడు దూరంలో ఉంది. నల్ల కనుపాప చుట్టూ నీలి, పచ్చ చుక్కలు మెరుస్తున్నాయి, ఒక్కో చుక్కా విడిగా రికార్డయింది. నా జీవితంలో అంత క్లియర్ షాట్ రాలేదు. గైడు వదిలేశాక అది చాలాసేపు పక్కకు ఒరిగి తేలుతూ పోయింది.

అలా ఉబ్బడం ఆ చేపకు ఆట కాదు. మింగబోయే శత్రువు నోట్లో పట్టకుండా ఉండటానికి అది చేసే ఆఖరి ప్రయత్నం. ఒకసారి ఉబ్బితే మళ్లీ మామూలు కావడానికి గంటలు పడుతుంది. ఈలోగా నిజమైన శత్రువు వస్తే పారిపోయే సత్తువ ఉండదు. ఇవన్నీ నేను ఇంటికొచ్చాక చదివి తెలుసుకున్నాను. ముందే తెలుసుకోవాల్సింది.

ఆ వీడియో కడప దగ్గర ఒక గవర్నమెంటు హైస్కూల్లో పిల్లలకు చూపించాను. గోడ మీద తెల్లదుప్పటి కట్టి ప్రొజెక్టరు పెట్టాం. చేప ఉబ్బగానే గదంతా చప్పట్లు, ఈలలు. వెనక బెంచీలో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకటి లేచింది.

"అది ఎందుకు అట్ల ఉబ్బింది సార్?"

"భయపడితే ఉబ్బుతుందమ్మా."

"ఎవరికి భయపడింది?"

"మా గైడు పట్టుకున్నాడు."

"మీరు వద్దు అనలేదా సార్?"

"నీళ్లలో మాట్లాడలేం కదమ్మా."

"చేత్తో చెప్పొచ్చు కదా సార్?"

నాకు నోట మాట రాలేదు. అండమాన్‌లో దిగిన రోజు పొద్దున గంటసేపు మాకు నేర్పింది చేతి సైగలే. అరచేయి ఎదురుగా నిలబెడితే ఆగు అని అర్థం, అందరికీ మొదట నేర్పేదే అది. నా కుడిచేతి వేళ్లు రికార్డింగ్ బటన్ దగ్గర ఉన్నాయి. ఎడమచేయి ఖాళీగానే ఉంది. ఎత్తలేదు.

మా వృత్తిలో ఒక అలవాటుంది. తలంబ్రాలు సరిగ్గా పడలేదని, "ఇంకోసారి పోయమ్మా, ఇటు తిరిగి" అంటాం. పెళ్లికూతురు నవ్వుతూ ఇంకోసారి పోస్తుంది. విసుగొస్తే వాళ్ల మేనమామ కసురుతాడు, మేం పక్కకు తప్పుకుంటాం. ఆ చేప తరఫున కసరడానికి అక్కడెవరూ లేరు. నాకున్న అలవాటునే నేను నీళ్లలోకీ మోసుకుపోయాను.

ముట్టుకోకుండా మంచి దృశ్యం రాదని కొందరంటారు. అది నిజం కాదు. జెయింట్ స్క్విడ్ అని మహాసముద్రాల లోతుల్లో బతికే పెద్ద జీవి ఉంది. చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చినవి చూడటమే గానీ, లోతు నీళ్లలో అది బతికి తిరుగుతుండగా 2012 దాకా ఎవరూ వీడియో తీయలేకపోయారు. తెల్లటి లైట్లు వేసుకుని, మోటార్ల రొదతో దిగే యంత్రాలను చూసి అవి దూరంగా పోయేవి. ఆ ఏడాది జపాన్‌లో ఒగసవారా దీవుల దగ్గర ఎడిత్ విడర్ అనే శాస్త్రవేత్త మోటారే లేని కెమెరాను తాడుకు కట్టి కిందికి వదిలారు. ఆ లోతు జీవుల కళ్లకు ఆనని ఎర్రటి వెలుగు దానికి పెట్టారు. మెరిసే జెల్లీఫిష్‌లా కనిపించే చిన్న ఎర దీపం తగిలించి, అలా వదిలేసి కాచుకున్నారు. స్క్విడ్ తనంతట తానే వచ్చింది. మొదట దొరికిన ఆ దృశ్యం 8కె కాదు, రంగుల్లో కూడా కాదు, నలుపు తెలుపు. మనిషి ఆ జీవిని బెదిరించకుండా ఉండటం నేర్చుకున్న రోజునే అది దొరికింది.

మంచి కెమెరాల వల్ల మేలు లేదని నేననడం లేదు. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరానికి కొట్టుకొచ్చిన తిమింగల సొరను అటవీశాఖవాళ్లు, జాలర్లు కలిసి మళ్లీ సముద్రంలోకి చేర్చారు, మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ సొరల ఒంటి మీది తెల్లచుక్కల అమరిక మన వేలిముద్రల్లా ఒక్కోదానికి ఒక్కోరకం. మొప్పల వెనక భాగాన్ని పక్కనుంచి స్పష్టంగా ఫొటో తీస్తే, కంప్యూటరు ఆ చుక్కలను పాత ఫొటోలతో పోల్చి ఇది ఫలానా సొర, అప్పుడెప్పుడో ఫలానా చోట కనిపించింది అని చెబుతుంది. అలా పోల్చే లెక్క మొదట ఆకాశంలో నక్షత్రాలను గుర్తుపట్టడానికి తయారుచేసినదట. సొరకు సూది గుచ్చనక్కర్లేదు, బిళ్ల తగిలించనక్కర్లేదు. తాబేళ్లను మొహం మీది పొలుసులతో, మాంటా రే చేపలను పొట్ట కింది మచ్చలతో ఇట్లాగే గుర్తుపడుతున్నారు. ఎక్కువ చుక్కల కెమెరా నిజంగా పనికొచ్చేది ఇందుకు. ఆస్ట్రేలియాలో నింగలూ తీరాన తిమింగల సొరలతో ఈదేవాళ్లు దాని ఒంటికి మూడు మీటర్లు, తోకకు నాలుగు మీటర్లు ఎడంగా ఉండాలి, ఫ్లాష్ వేయకూడదు. అంత దూరం నుంచే చక్కటి ఫొటోలు వస్తున్నాయి.

సంపాదకులుగారూ, మీరు ఒక్క పని చేయాలి. సముద్రజీవి ఫొటో ఏది వేసినా, వీడియో ఏది పెట్టినా, కెమెరా వివరాల పక్కనే ఇంకో వరుస అచ్చు వేయండి. చోటు, లోతు, ఎంత దూరం నుంచి తీశారు, మేత వేశారా, ముట్టుకున్నారా. పంపినవాళ్లు ఆ వివరాలు ఇవ్వకపోతే వేయకండి. చేత్తో పట్టుకుని ఉబ్బించిన చేప, వీపు మీద చెయ్యి వేసి పట్టుకున్న తాబేలు, పుల్లతో కెలికితే సిరా చిమ్మిన ఆక్టోపస్, ఇవి ఎంత అందంగా ఉన్నా మీ పేజీలోకి రానివ్వకండి. మీరు వేయరని తెలిస్తే తీసేవాళ్లు తగ్గుతారు. గైడు ఆ చేపను పట్టుకున్నది నా కోసమే, నేను కెమెరా ఎత్తి పట్టుకున్నందుకే.

ఇంకోమాట. మీ ఫొటోల కింద అన్నీ ఇంగ్లీషు పేర్లే ఉన్నాయి. మన జాలర్లు ఆ చేపల్లో చాలావాటిని తెలుగు పేరుతోనే పిలుస్తారు. అడిగి రాస్తే మా పిల్లలకు నోట నిలుస్తాయి.

నా దగ్గరున్న ముళ్ల చేప వీడియోను తుడిచేయలేదు. బడుల్లో ఇప్పటికీ చూపిస్తాను, జరిగింది జరిగినట్టు ముందే చెప్పి చూపిస్తాను. చప్పట్లు ఇప్పుడు వినపడవు.

ఈ ఉత్తరంతో పాటు ఒక ఫొటో పంపుతున్నాను. రాతి బొరియలోంచి తల బయటపెట్టిన మోరే ఈల్, పాములాంటి చేప. మొదట లోపలికి పోయింది. ఇసుక మీద మోకాళ్లూని, కదలకుండా, ఊపిరి నెమ్మదిగా వదులుతూ పద్దెనిమిది నిమిషాలు ఉన్నాను. తర్వాత అదే వచ్చింది. మీకు నచ్చితే వేయండి. వేస్తే కింద ఈ వరుస తప్పకుండా ఉంచండి:

చోటు: విశాఖ తీరం. లోతు: 11 మీటర్లు. దూరం: ఒకటిన్నర మీటరు. మేత: వేయలేదు. ముట్టుకున్నారా: లేదు.

ఇట్లు,
మీ పాఠకుడు, పెళ్లి వీడియోగ్రాఫర్,
కడప