ఆర్బరిస్ట్ పరీక్షకు చదువుతున్నాను, నాతో పని చేయించుకునేవాళ్లకు కొన్ని సంగతులు చెప్పాలి

ఈ మధ్య ఫోన్ చేసినవాళ్లలో చాలామందికి "ఈ వారం కుదరదండీ" అనే చెప్తున్నాను. ఎందుకో సరిగ్గా చెప్పలేదు, అందుకే ఇది రాస్తున్నా. ఒంట్లో బాగానే ఉంది, పని మానేయడం లేదు. చదువుకుంటున్నాను. ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఆర్బొరికల్చర్ అని 1924 నుంచి ఉన్న సంస్థ ఒకటి ఉంది, ఐఎస్ఏ అంటారు. ఆర్బరిస్ట్ అంటే చెట్ల సంరక్షణ నిపుణుడు. వాళ్లు ఇచ్చే సర్టిఫైడ్ ఆర్బరిస్ట్ గుర్తింపు కోసం పరీక్ష రాయబోతున్నాను.

"ఇన్నేళ్లుగా చెట్లెక్కుతున్నావు, ఇప్పుడు పరీక్ష దేనికి?" అని ఇంట్లోవాళ్లే అడిగారు. దానికి కారణం ఒక పెద్దావిడ. వాళ్ల పెరట్లో చెట్టు కొమ్మ ఒకటి తీస్తున్నాను, మాకు అలవాటైన పద్ధతిలోనే, బోదెకు ఆనించి నున్నగా, చెయ్యి పెడితే ఎక్కడా తగలకుండా. ఆవిడ కింద నిలబడి చూస్తూ "బాబూ, అంత లోపలికంటా ఎందుకు కోస్తున్నావు, కాస్త వదిలి కోస్తే చెట్టుకు దెబ్బ తగ్గదా?" అంది. "ఇలాగే కోయాలమ్మా" అన్నాను. ఎందుకు అని ఆవిడ మళ్లీ అడిగి ఉంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నాకు పని నేర్పినాయన అలా కోసేవాడు, ఆయనకు నేర్పినవాళ్లూ అలాగే కోసి ఉంటారు, నాకు తెలిసింది అంతే. ఆ మాట చాలా రోజులు మనసులోంచి పోలేదు. తర్వాత పుస్తకాలు తెరిచాక తెలిసింది, ఆవిడ చెప్పిందే కరెక్ట్.

కొమ్మ బోదెను కలిసేచోట ఉంగరంలా కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది, దాన్ని కాలర్ అంటారు. అక్కడ బోదె కణజాలం, కొమ్మ కణజాలం ఒకదాని మీద ఒకటి అల్లుకుని ఉంటాయి. దాన్ని ముట్టకుండా దాని బయటివైపు కోస్తే చెట్టు చుట్టూ కొత్త కలప పెంచుకుంటూ గాయాన్ని మూసుకుంటుంది. నున్నగా ఉండాలని బోదెకు ఆనించి కోస్తే ఆ కాలరే తెగిపోతుంది, గాయం పెద్దదవుతుంది, కుళ్లు బోదెలోకి దిగడానికి దారి దొరుకుతుంది. అలాగని మూర పొడుగు మొద్దు వదిలేసినా తప్పే, అది ఎండి కుళ్లుతుంది, చెట్టు దాన్ని మూయలేదు.

ఇది ప్రపంచానికి గట్టిగా చెప్పింది అలెక్స్ షిగో అనే శాస్త్రవేత్త. అమెరికా అటవీ శాఖలో పనిచేశాడు. వేల చెట్లను చైన్‌సాతో నిలువునా చీల్చి, ఏ గాయం నుంచి కుళ్లు ఎటు పాకిందో చూసుకుంటూ పోయాడు. ఆయన చెప్పినదాంట్లో నన్ను కదిలించింది ఏంటంటే, మన చర్మం మానినట్టు చెట్టు గాయం మానదు. దెబ్బతిన్న కలప మళ్లీ బాగుపడదు, చెట్టు దాని చుట్టూ గోడలు కట్టి లోపలే బంధించేసి, బయట కొత్త కలప వేసుకుంటూ పెరుగుతుంది. పైకీ కిందికీ పాకకుండా ఆపే గోడ అన్నిటికంటే బలహీనం, గాయం తర్వాత పుట్టే కొత్త కలపకూ పాత కలపకూ మధ్య కట్టే గోడ అన్నిటికంటే గట్టిది. అంటే నేను ఇన్నేళ్లలో పెట్టిన ప్రతి గాటూ ఆ చెట్ల లోపల ఇప్పటికీ ఉంది. ఇది చదివిన రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

కోసినచోట పెయింట్ పూయడం సంగతి కూడా చెప్పేస్తాను. చాలామందికి పూశాను, కొందరి దగ్గర దానికి విడిగా డబ్బులు కూడా తీసుకున్నాను. అది కుళ్లును ఆపదు. కొన్ని ప్రత్యేకమైన తెగుళ్లు ఉన్నచోట తప్ప మామూలుగా దాని అవసరమే లేదు. ఆ డబ్బులు ఇచ్చినవాళ్లు ఈసారి పనికి పిలిచినప్పుడు గుర్తు చేయండి, బిల్లులో తగ్గిస్తాను.

ఇంతకంటే పెద్ద విషయం తల నరకడం. గాలివానకు పడుతుందేమోనన్న భయంతో "పైన సగం కొట్టేయండి" అని అడుగుతారు, నేనూ కొట్టేశాను. చెట్టు వెంటనే బోలెడు కొమ్మలు వేస్తుంది కదా, బాగా చిగురించింది అని మనం సంతోషపడతాం. ఆకంతా పోయేసరికి తిండి తయారుచేసుకునే దారి లేక, దాచుకున్న పిండిపదార్థం ఖర్చుపెట్టి చెట్టు హడావిడిగా వేసే చిగుళ్లు అవి. మామూలు కొమ్మలా లోపలి కలపలో నాటుకుని ఉండవు, పై పొరలను మాత్రమే పట్టుకుని ఉంటాయి, చాలా వేగంగా పెరుగుతాయి, కింద నరికినచోట కుళ్లు మొదలవుతుంది. కొన్నేళ్లకు అవే బరువై గాలికి విరిగిపడతాయి. ఏ ప్రమాదం తప్పించమని నన్ను పిలిచారో ఆ ప్రమాదాన్నే నేను తయారుచేసి వెళ్లాను. నేను తల నరికిన చెట్లు ఉన్నవాళ్లకు క్షమాపణ చెప్తున్నాను. మీ దగ్గరికి మళ్లీ వచ్చి చూస్తాను, చూసినందుకు ఏమీ తీసుకోను. ఆ కొత్త కొమ్మల్లో గట్టివి ఏవో ఎంచుకుని, మిగతావి రెండు మూడేళ్ల మీద కొంచెం కొంచెంగా పలచన చేస్తే కొన్ని చెట్లను నిలబెట్టుకోవచ్చు. అన్నిటినీ కాదు.

ఇకనుంచి తల నరకడం నేను చేయను. ఎంత ఇస్తామన్నా చేయను. నా సంపాదనలో అది చిన్న భాగమేమీ కాదు, ఇంట్లో లెక్కలు వేసుకున్నాకే చెప్తున్నాను. ఒక ఏడాదిలో పావు వంతుకు మించి పచ్చదనం కూడా తీయను, ముసలి చెట్టయితే ఇంకా తక్కువ. పక్కాయన అంతకంటే తక్కువకు చేస్తానన్నాడని మీరు చెప్తే నాకు బాధే, కానీ నా జవాబు మారదు.

ఇల్లు కట్టేవాళ్లకు, గోడ లేపేవాళ్లకు ఒక మాట. పునాది తవ్వాక, వేర్లు తెగాక నన్ను పిలుస్తున్నారు, అప్పటికి నేను చేయగలిగింది చాలా తక్కువ. వేర్లంటే బోరులా నిలువునా కిందికి పోతాయని అనుకుంటాం, నేనూ అలాగే అనుకునేవాణ్ని. చాలావరకు వేర్లు పై 60 సెంటీమీటర్ల మట్టిలోనే ఉండి, కొమ్మల నీడ దాటి దూరంగా పరుచుకుంటాయి. బోదె అడ్డకొలతకు 12 రెట్లు, చుట్టూ అంత దూరం వరకు తవ్వకుండా, బండ్లు తిప్పకుండా కాపాడాలనేది మా పనిలో వాడే లెక్క. అంటే బోదె అడ్డంగా 40 సెంటీమీటర్లుంటే చుట్టూ దాదాపు 5 మీటర్లు. వేర్లు తెగిన చెట్టు ఆ ఏడాది పచ్చగానే ఉండి, మూడు నాలుగేళ్లకు పైనుంచి ఎండడం మొదలుపెట్టొచ్చు, అప్పటికి పాత తవ్వకం ఎవరికీ గుర్తుండదు. ప్లాన్ కాగితం మీద ఉన్నప్పుడే నన్ను పిలవండి.

పరీక్ష గురించి అడిగారు కొందరు. 200 ప్రశ్నలు, మూడున్నర గంటలు, నాలుగింటిలో సరైన జవాబు గుర్తించాలి. మట్టి, చెట్టు లోపలి నిర్మాణం, చెట్లను గుర్తుపట్టడం, నాటడం, కొమ్మలు తీయడం, తెగుళ్లు, ప్రమాదం అంచనా వేయడం, పనిలో భద్రత, ఇవన్నీ ఉంటాయి. తాడు, హార్నెస్, రంపం సంగతులు నాకు భయం లేదు. మట్టి రసాయనం దగ్గరే టెన్షన్. బడిలో నీళ్లు మోసే దారువు, ఆహారం మోసే పోషక కణజాలం అని బట్టీపట్టి మర్చిపోయినవి ఇప్పుడు మళ్లీ మొదట్నుంచి చదువుతున్నాను, ఈసారి అర్థమవుతున్నాయి, ఎందుకంటే వాటిని రోజూ చేత్తో కోస్తూనే ఉన్నాను.

పాసైతే అయిపోయినట్టు కాదు, మూడేళ్లకే గడువు. ఆ మూడేళ్లలో శిక్షణల ద్వారా 30 యూనిట్లు తెచ్చుకోవాలి, లేదంటే మళ్లీ పరీక్ష రాయాలి. వాళ్ల నీతి నియమావళికి కట్టుబడతానని సంతకం కూడా పెట్టాలి. పాసయ్యేవరకు నేను సర్టిఫైడ్ ఆర్బరిస్ట్‌ని కాదు, ఎవరైనా నన్ను అలా పరిచయం చేస్తే దయచేసి సరిచేయండి. ఫెయిలైతే అదీ మీకు చెప్తాను, మళ్లీ రాస్తాను.

పరీక్ష అయ్యేవరకు మంగళ, శుక్రవారాలు మధ్యాహ్నం తర్వాత పనులు పెట్టుకోను. విరిగి వేలాడుతున్న కొమ్మ, ఒక్కసారిగా ఒరిగిన చెట్టు, ఇంటి మీద పడినవి, వీటికి మాత్రం ఏ రోజైనా ఫోన్ చేయండి, పుస్తకం పక్కన పడేసి వస్తాను. కొన్ని పనులకు ముందుకన్నా ఎక్కువ సమయం పడుతుంది, పెద్ద కొమ్మను మూడు గాట్లతో దించాలి, కింద నుంచి ఒకటి, పైనుంచి కాస్త అవతల ఇంకొకటి, బరువు దిగాక కాలర్ దగ్గర చివరిది. లేకపోతే బెరడు కిందిదాకా చీలిపోతుంది. ఆ సమయం రేటులో కొంత కనిపిస్తుంది, ముందే చెప్పి మొదలుపెడతాను.

చివరగా మీ సాయం కావాలి. పరీక్షకు అప్లై చేయాలంటే మూడేళ్ల అనుభవం చూపించాలి, నేను డిగ్రీ చదవలేదు కాబట్టి పూర్తిగా పని అనుభవమే. కంపెనీలో చేసేవాళ్లకు యజమాని సంతకం పెడతాడు. నాకు నేనే యజమానిని, కాబట్టి నా బిల్లులు, మీ ఉత్తరాలే రుజువు. నాతో పని చేయించుకున్నవాళ్లు ఏ సంవత్సరం, ఏ చెట్టుకు, ఏం పని చేశానో నాలుగు లైన్లు రాసి సంతకం పెట్టి ఇస్తే చాలు. పొగడనక్కర్లేదు, జరిగింది జరిగినట్టు రాయండి. అదే కవరులో, నేను తల నరికిన చెట్టు మీ దగ్గరుంటే అది ఇప్పుడెలా ఉందో ఒక ఫొటో కూడా పెట్టండి. ముందు ఆ ఇళ్లకే వస్తాను.