పిల్లల్ని బయట నిలబెట్టే ముందు మాతో మాట్లాడించండి: డీఈఓ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా విద్యాశాఖాధికారి గారికి,

నమస్కారం. ఇదే విషయమై మీ కార్యాలయంలో ఇచ్చిన అర్జీలకు జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు రాస్తున్నాను.

మా ఊరి హైస్కూల్లో ఏడో తరగతి పిల్లలు అల్లరి చేస్తే వరండాలో నిలబెడుతున్నారు. మావాడు కిటికీ చువ్వల్లోంచి చూస్తూ బోర్డు మీది లెక్కలు ఎక్కించుకుంటున్నాడని పక్కింటి అమ్మాయి చెబితే తప్ప మాకు తెలియలేదు. ఇప్పుడు పొద్దున లేస్తే కడుపునొప్పి అంటాడు. బడి పేరెత్తితే టెన్షన్. వాడు బుద్ధిమంతుడని నేననను. నిండు తరగతిని ఒక్క టీచరు అదుపు చేయడమూ తేలిక కాదు. కానీ కబురు చేస్తే మేం రామా?

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. మా కమిటీ మీటింగులేమో పనిరోజున పదకొండింటికి పెడతారు. మిరపకోతకు వెళ్లిన తల్లి కూలి పోగొట్టుకుని ఎలా వస్తుంది?

వరండా శిక్ష ఆపమని రాతపూర్వకంగా ఉత్తర్వులివ్వండి. అల్లరి ముదరకముందే తల్లిదండ్రుల్ని పిలిచి, ఇంట్లో ఏం చేయాలో, బడిలో ఏం చేయాలో కలిసి తేల్చుకునే ఏర్పాటు చేయించండి. మీటింగులు సాయంత్రం ఆరు తర్వాత పెట్టించండి. మొదటి మీటింగుకు మీరు గానీ, మండల విద్యాధికారి గారు గానీ రావాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విద్యార్థి తండ్రి