మంత్రి గారూ, ఫాసిజాన్ని ఏ పక్కన కూర్చోబెట్టమంటారు?

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. చరిత్ర పుస్తకంలో ఫాసిజాన్ని వామపక్షంగా చూపించిన బొమ్మ గురించి పెట్టుకున్న అర్జీలన్నింటికీ "పరిశీలనలో ఉంది" అన్న జవాబే వచ్చింది. అందుకే ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

రాజకీయాల్లో ఎవరు ఎడమ (వామపక్షం), ఎవరు కుడి అని చూపే గీత అది. దాని ఎడమ చివర కమ్యూనిజం, దాన్ని ఆనుకుని ఫాసిజం. బొమ్మతో ఆగినా సరిపెట్టుకునేవాళ్లం, ఆన్సర్ కీలోనూ అదే! ఫాసిజం కుడివైపుది అని రాసిన పిల్లలకు సున్నా. "సార్, నిజం రాయాలా, కీలో ఉన్నది రాయాలా?" అని వాళ్లడిగితే ఏం చెప్పమంటారు? బాగా చదివినవాళ్లకే మార్కు పోతోంది, వాళ్లకే టెన్షన్.

ఇటలీలో ఫాసిజాన్ని మొదలుపెట్టిన ముస్సోలినీ ఒకప్పుడు సోషలిస్టు పత్రికకు ఎడిటరే, కాదనను. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇటలీ దిగాల్సిందేనన్నందుకు 1914లో సోషలిస్టు పార్టీ ఆయన్ని గెంటేసింది. ఆ తర్వాతి సంగతి మీ కమిటీ చదివినట్టు లేదు. ఉత్తర ఇటలీలోని పో నది మైదానంలో ఆయన నల్లచొక్కాల ముఠాలు లారీల్లో దిగి కూలీ సంఘాల ఆఫీసులు తగలబెడుతుంటే, వెనక నుంచి డబ్బిచ్చింది భూస్వాములు. 1921లో ముస్సోలినీ పార్లమెంటుకు వెళ్లి తీవ్ర కుడిపక్షం బెంచీల్లో కూర్చున్నాడు. అక్కడి నుంచి మాట్లాడటం తనకు ఇబ్బందేం కాదని తొలి ప్రసంగం మొదట్లోనే చెప్పుకున్నాడు. ఆయనకు లేని ఇబ్బంది మీ కమిటీకి ఎందుకో!

జర్మనీలో 1933 మార్చిలో హిట్లర్‌కు సర్వాధికారాలిచ్చే చట్టం వచ్చినప్పుడు వ్యతిరేకంగా పడ్డ 94 ఓట్లూ వామపక్షమైన సోషల్ డెమోక్రాట్లవే. కమ్యూనిస్టు సభ్యులను సభలో అడుగే పెట్టనివ్వలేదు. కుడిపక్షపు కన్సర్వేటివ్‌లు అనుకూలంగా ఓటేశారు. మే 2న హిట్లర్ మనుషులు కార్మిక సంఘాల ఆఫీసుల మీద పడ్డారు. సొంత మనుషులనే ముందు జైల్లో వేసే వామపక్షమా ఇది?

ప్రభుత్వ పెత్తనం ఎక్కువైతే అది వామపక్షమేనని మీ పుస్తకం తేల్చేసింది. అలాగైతే రాజులంతా వామపక్షమే కావాలి. ఈ కుడి, ఎడమ పేర్లు పుట్టిన 1789 నాటి ఫ్రెంచి సభలో రాజు మనుషులు కూర్చున్నది మాత్రం కుడిపక్కన! స్టాలిన్ ఘోరాలను దాచమనడం లేదు, వాటిని వామపక్షం ఖాతాలోనే నిక్షేపంగా రాయండి. పక్కవాడి ఖాతా కూడా తెచ్చి అందులో కలపడమే అన్యాయం.

దయచేసి ఆ పేజీ మార్చండి. అచ్చయిపోయింది, కుదరదంటే కనీసం కీ అయినా సరిచేయించండి. అదీ కుదరకపోతే, దిద్దే టీచర్లకు ఒక్క సర్క్యులర్ పంపండి, కుడి అని రాసినా మార్కు ఇవ్వమని. పరీక్షలు దగ్గరపడ్డాయి. ఈసారైనా "పరిశీలనలో ఉంది" అనకండి.

ఇట్లు,
ఒక చరిత్ర ఉపాధ్యాయుడు