నాన్న నాలుక మంట

ఎడిసన్, న్యూజెర్సీ
ఆదివారం రాత్రి

అమ్మకి,

పెరుగన్నంలోకి ఆవకాయ వద్దన్నారు నాన్న అని మాటవరసకి చెప్పేసి, పనిమనిషి రాలేదన్న గొడవలోకి వెళ్లిపోయావు నిన్న. నా మనసు మాత్రం ఆవకాయ దగ్గరే ఆగిపోయింది. నలభై ఏళ్లు చెన్నై మాంబళంలో ఉండి కూడా సాంబారుకి లొంగకుండా ఆవకాయతో బతికిన మనిషాయన! "నోరు మండుతోందట, వేడి చేసింది, మణత్తక్కాళి కీర, అదే కామంచి ఆకు, వండి పెడుతున్నా" అన్నావు. పెట్టు, కాదనను. కానీ ఓసారి ఆయన్ని బాల్కనీ వెలుతుర్లో నిలబెట్టి నాలుక చూడు.

నా నాలుక కథ నీకు చెప్పలేదు, కంగారుపడతావని. పోయిన చలికాలం గోరువెచ్చటి కాఫీ తగిలినా భగ్గుమనేది. ఆవలిస్తే పెదాల మూలలు చిట్లి నెత్తురొచ్చేది. అద్దంలో చూసుకుంటే, అమ్మమ్మ వాళ్లింట్లో గంట్లు అరిగిపోయిన రోలు గుర్తుందా, అలా ఎర్రగా నున్నగా ఉంది. మందుల షాపులో ఒకాయన ఇచ్చిన పూతమందు మూడు వారాలు రాసినా గుణం లేదు. చివరికి పళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే, ఆవిడ పళ్ల జోలికే పోలేదు, ఏం తింటున్నావని అడిగింది. పాలూ పెరుగూ మానేసి ఓట్స్ పాలు తాగడం మొదలుపెట్టి నాలుగేళ్లయిందన్నాను. రక్తపరీక్ష చేయిస్తే బీ12 విటమిన్ అడుగంటిపోయింది.

ఆకుకూరల్లో, పప్పుల్లో అది దొరకదమ్మా. సహజంగా ఉండేది పాలు, పెరుగు, గుడ్లు, చేప, మాంసంలోనే. పెద్దవాళ్లకి రోజుకి 2.4 మైక్రోగ్రాములు చాలని ఇక్కడి లెక్క. పైగా కాలేయం ఏళ్లకి సరిపడా దాచిపెట్టుకుంటుంది, అందుకే మానేసిన వెంటనే ఏమీ తెలీదు. నోటి లోపలి పొర మాత్రం రోజుల్లోనే రాలి కొత్తది పుడుతూ ఉంటుంది. ఆ పుట్టుకకి బీ12, ఫోలిక్ యాసిడ్ అనే ఇంకో బీ విటమిన్, రెండూ ఉండాలి. లేకపోతే నాలుక మీది బుడిపెలు అరిగి, మంటా పుళ్లూ మొదలవుతాయి.

నాన్న పెరుగు తింటున్నారుగా అంటావు. తినడం ఒకటి, ఒంటికి పట్టడం ఒకటి. ఆయన పన్నెండేళ్ల నుంచి వేసుకుంటున్న షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్. ఏళ్ల తరబడి వాడితే బీ12 సరిగ్గా పట్టకపోవచ్చు. దానికి తోడు పరగడుపున గ్యాస్ మాత్ర. కడుపులో ఆమ్లం తగ్గిపోతే తిండిలోని బీ12 సరిగ్గా విడివడి రాదు. అలాగని ఏ మాత్రా మీ అంతట మీరు ఆపెయ్యొద్దు. పాండీ బజార్లో కాలి చెప్పు జారిపోయినా తెలీలేదని నాన్న నవ్వుతూ చెప్పారు చూడు, అది నాకు నవ్వులాట అనిపించలేదు. నరాలు దెబ్బతిని కాళ్లు మొద్దుబారితే అలా తెలీకుండా పోతుంది. అది షుగర్ వల్లా కావచ్చు, బీ12 లోటు వల్లా కావచ్చు. డాక్టరుకి ఆ చెప్పు సంగతి కూడా చెప్పు.

వీధి చివర షాపులో బీకాంప్లెక్స్ గోళీలు కొని పరీక్షకి ముందే మింగించకు. అప్పుడు రిపోర్టు బాగానే కనిపించి అసలు లోటు దాగిపోవచ్చు. ఒట్టి ఫోలిక్ యాసిడ్ అయితే మరీ మోసం, రక్తహీనత తగ్గినట్టే ఉంటుంది, నరాలు మాత్రం లోపల్లోపల పాడవుతూనే ఉంటాయి. పెదాల మూలలు చిట్లడానికి బీ2 తక్కువైనా, ఐరన్ తక్కువైనా, కట్టుడు పళ్ల కింద ఫంగస్ చేరినా కారణమే. అన్నిటికీ వేడే అనుకుంటే ఎలా?

ఇంకో మాట. ఆ ఫోలిక్ యాసిడ్‌ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. నువ్వు సెంట్రల్ స్టేషన్‌కి వెళ్లినప్పుడల్లా చూసే మద్రాసు మెడికల్ కాలేజీలో చదివారు. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ జబ్బుతో పోయారు, ఆయనకీ అదే వచ్చింది. విరేచనాలతో పాటు నాలుక పూసి మండే జబ్బది. 1922లో ఈ దేశం వచ్చారు, మళ్లీ ఇంటికి వెళ్లనే లేదు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ చేసిన పెర్ల్ రివర్ ఊరు మా ఇంటికి కారులో గంట దారి. ఒకసారి అటుగా వెళ్తూ కారాపి, ఊరికే అటూ ఇటూ చూసి వచ్చాను.

పక్కింటి మామీ ఇచ్చిన ఉప్పుడు బియ్యాన్ని వాసనని తీసిపారేశావట. వడ్లని ఉడకబెట్టినప్పుడు పైపొరలోని బీ1 గింజలోకి దిగి, మరపట్టినా నిలుస్తుంది. వెనకటికి మద్రాసు రాష్ట్రంలో బెరిబెరి పట్టింది మరపట్టిన పచ్చి బియ్యం తినే మన సర్కారు జిల్లాల వాళ్లనే. మామీకి ఈ ముక్క చెప్పకు, ఇక ఆగదు.

నాకు బీ12 సూదులు పడ్డాక నెలలోపే నోటి మంట పోయింది, కాళ్ల తిమ్మిర్లు మాత్రం పూర్తిగా వదలడానికి ఆరు నెలలు పట్టింది. ఇప్పుడు రోజూ ఒక కప్పు పెరుగు తింటున్నా, ఓట్స్ పాలు కొనడం మానేశా.

గురువారం షుగర్ పరీక్ష ఉందిగా, బీ12 కూడా రాయమని అడుగు. రిపోర్టు ఫొటో పంపేటప్పుడు అంకెలున్న వైపు నీ బొటనవేలు అడ్డం పెట్టకు. ఆవకాయ జాడీ మూత గట్టిగా పెట్టి ఉంచు, నాన్నకి మళ్లీ కావాలి.

నీ చిన్నది