డబ్లిన్ నుంచి ఒక్కరోజు మోహర్ ట్రిప్ ఆపేస్తున్నాం

అందరికీ నమస్కారం. వచ్చే వేసవి బుకింగ్స్ కోసం మెసేజ్‌లు మొదలయ్యాయి కాబట్టి ఈ మాట ముందే చెబుతున్నాను. పొద్దున్నే డబ్లిన్‌లో ఎక్కించుకుని, సముద్రం ఒడ్డున నిట్టనిలువుగా ఉండే క్లిఫ్స్ ఆఫ్ మోహర్ కొండలు చూపించి, రాత్రికి మళ్లీ ఇంటి దగ్గర దింపే ఒక్కరోజు ట్రిప్ ఇక వేయం. మాకు ఎక్కువ గిరాకీ దానికే ఉంది. అయినా ఆపేస్తున్నాం. ఇకనుంచి ఐర్లండ్ పడమటి తీరంలో కనీసం నాలుగు రాత్రులు ఉండేవాళ్లకే మా వ్యాన్ వస్తుంది.

డబ్లిన్ నుంచి మోహర్‌కి పోవడానికే మూడు గంటల పైన పడుతుంది, రావడానికీ అంతే. మాతో వచ్చేవాళ్లలో చాలామంది ఇక్కడ ఉద్యోగాలు చేసే పిల్లల దగ్గరికి హైదరాబాద్ నుంచో, గుంటూరు నుంచో వచ్చిన అమ్మానాన్నలు. మోకాళ్ల నొప్పులున్న మనిషిని అంతసేపు సీట్లో కూర్చోబెడితే అక్కడ తిరగడానికి మిగిలేది గంటన్నర. ఆ గంటన్నరలోనే సముద్రం మీది నుంచి పొగమంచు కమ్ముకొస్తే 214 మీటర్ల కొండ ఎదురుగా ఉన్నా కనపడదు. కింద అలలు కొట్టుకునే చప్పుడు మాత్రం వినిపిస్తుంది. అలాంటి రోజున ఒక పెద్దావిడ రాతి గోడ పట్టుకుని నిలబడి, "కొండ ఎటువైపు బాబూ?" అని అడిగారు. ఇంకో రెండు గంటలు ఆగితే మంచు విడిపోయేదేమో. కానీ రాత్రికి డబ్లిన్ చేరాలంటే అప్పుడే బయల్దేరాలి. డబ్బు తీసుకుని ఇలా చూపించడం మాకు ఇష్టం లేదు.

అదే దగ్గరి ఊళ్లైన డూలిన్‌లోనో లిస్‌డూన్‌వార్నాలోనో రాత్రి ఉంటే పొద్దున కనపడని కొండ సాయంత్రం కనపడుతుంది. ఇవాళ కాకపోతే రేపు. పైగా ఆ కొండలు పడమటికి తిరిగి ఉంటాయి కాబట్టి ఎండ నేరుగా వాటి మీద పడేది సాయంత్రమే. టూరిస్టు బస్సులు వెళ్లిపోయాక, ఏడు దాటాక చూడండి, రాతి పొరలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తాయి. జూన్‌లో పొద్దు గూకేసరికి రాత్రి పది అవుతుంది కాబట్టి తొందరేమీ ఉండదు.

మా కస్టమర్లు అసలు అడగకపోయినా నేను పట్టుబట్టి తీసుకెళ్లేది బరెన్‌కి. మోహర్ నుంచి అరగంట దూరం. కొండలూ గుట్టలూ మొత్తం మన ఇళ్ల ముందు నాపరాళ్లు పరిచినట్టే ఉంటాయి. నిజానికి ఇదీ సున్నపురాయే. దూరం నుంచి చూస్తే గడ్డి కూడా మొలవదనిపిస్తుంది. కానీ కిందికి వంగి బండల మధ్య పగుళ్లలోకి చూడాలి. వాన నీరు వేల ఏళ్లుగా కోసిన ఆ సందుల్లో గాలి తగలదు, తేమ ఆరదు. అందుకే లోపల పొడుగాటి ఆకుల ఫెర్న్‌లు పెరుగుతాయి. మే నెలలోనైతే బండల మధ్య మట్టి ఉన్నచోటల్లా వేలి గోరంత జెన్షియన్ పూలు కనిపిస్తాయి. అంత ముదురు నీలం నేను ఇంకే పువ్వులోనూ చూడలేదు. పెద్దవాళ్లు కూడా బండ మీద కూర్చుని గంటసేపు కదలకుండా ఉండే చోటు ఇది. ఐదు వేల ఏళ్లు దాటిన పౌల్నబ్రోన్ రాతి సమాధి కూడా ఇక్కడే ఉంది.

ఆరాన్ దీవుల్లో పెద్దదైన ఇనిష్‌మోర్‌కి రోసవీల్ రేవు నుంచి పడవ నలభై నిమిషాలు. దీవిలో మినీబస్సులు, గుర్రబ్బళ్లు దొరుకుతాయి. అయితే డూన్ ఏంగస కోటకి చివరి కిలోమీటరు రాళ్ల దారిలో నడిచి ఎక్కాల్సిందే. పైన కొండ అంచున కంచె లేదు. చిన్నపిల్లలుంటే చెయ్యి వదలకండి. నడవలేనివాళ్లుంటే ముందే చెప్పండి, వాళ్లను దీవి తూర్పు వైపు తిప్పుతాం.

ఆ తర్వాత ఉత్తరానికి కొనెమారా, లేదా దక్షిణానికి డింగిల్, కెర్రీ. ఐదారు రోజుల్లో రెండూ కావాలని అందరూ అడుగుతారు. నా సలహా, ఒకటే పెట్టుకోండి. మ్యాప్‌లో దగ్గరగానే కనపడతాయి కానీ ఒకే కారు పట్టే దారుల్లో ఎదురుగా ట్రాక్టర్ వస్తే వెనక్కి తీయాలి, గొర్రెల మంద అడ్డొస్తే ఆగాలి. సొంతంగా కారు తీసుకునేవాళ్లు ఇంకో సంగతి గమనించండి. ఇక్కడా ఎడమవైపే నడుపుతారు, అంతవరకు మనకి సులువే. కానీ 2025 ఫిబ్రవరి నుంచి ఇలాంటి చిన్న పల్లె రోడ్ల మీద స్పీడ్ లిమిట్ 80 నుంచి 60కి తగ్గింది. పెద్దవాళ్లుంటే నేను కొనెమారానే చెబుతాను. కైల్‌మోర్ అబ్బే అనే క్రైస్తవ మఠం, కిల్లరీ దగ్గర పడవ, క్లిఫ్‌డెన్ పైన స్కై రోడ్, అన్నీ తక్కువ నడకతో అయిపోతాయి. డింగిలే కావాలంటే లిమరిక్ చుట్టూ తిరగకుండా కిల్లిమర్ దగ్గర వ్యాన్‌తో సహా ఫెర్రీ ఎక్కి ఇరవై నిమిషాల్లో షానన్ నది దాటేస్తాం.

కెర్రీ తీరం దగ్గర సముద్రంలో ఉన్న స్కెల్లిగ్ మైకల్ అనే రాతి దీవి గురించి మాత్రం మాట ఇవ్వలేను. పడవలు వేసవిలోనే వెళతాయి, అలలు పెద్దవైతే ఆ పొద్దునే రద్దవుతాయి. వెళ్లినా రెయిలింగ్ లేని 618 రాతి మెట్లు ఎక్కాలి. దాని కోసమే ట్రిప్ పెట్టుకోకండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మేం అసలు తిరగం. 2025 జనవరి తుఫానులో గాల్వే తీరాన గాలి వేగం గంటకు 180 కిలోమీటర్లు దాటింది. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడే రోజుల్లో అలాంటి రోడ్ల మీద మిమ్మల్ని తిప్పే ధైర్యం నాకు లేదు.

ఎక్కువ టెన్షన్ పడేది వీసా గురించి. యూరప్‌లో చాలా దేశాలకి పనిచేసే షెంగెన్ వీసా ఐర్లండ్‌లో పనికిరాదు. అమెరికాలో గ్రీన్ కార్డు ఉన్నా ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే ఐరిష్ వీసా తీసుకోవాల్సిందే. బోస్టన్, న్యూయార్క్ నుంచి నేరుగా షానన్‌లో దిగుదామనుకునే మనవాళ్లు ఇది టికెట్ కొన్నాక తెలుసుకుని కంగారు పడుతున్నారు. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు కాబట్టి మొదటి వారంలోనే వేసేయండి. సింగిల్ ఎంట్రీ ఫీజు 60 యూరోలు. ఇంగ్లండ్ మీదుగా వచ్చేవాళ్లు తమ యూకే వీసా మీద బీఐవీఎస్ (బ్రిటిష్-ఐరిష్ వీసా స్కీమ్) అని రాసి ఉందో లేదో చూసుకోండి. ఉంటే, ముందు యూకేలో దిగి ఇటు వస్తే వేరే వీసా అక్కర్లేదు.

తిండికి ఇబ్బంది లేకుండా ఈసారి హోటళ్ల బదులు వంటిల్లున్న ఇళ్లు తీసుకుంటున్నాం. రైస్ కుక్కర్, పోపు సామాను మా వ్యాన్‌లోనే ఉంటాయి. మధ్యాహ్నానికి మా ఆవిడ పులిహోర, పెరుగన్నం కట్టి ఇస్తుంది. ఊరి నుంచి నెయ్యి, పాల స్వీట్లు, చికెన్ పచ్చడి మాత్రం తేకండి. యూరప్ బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు తేకూడదు, ఎయిర్‌పోర్టులో తీసి పారేస్తారు.

ధర పెరుగుతుంది. వ్యాన్ చార్జీ మేం పెంచలేదు. పెరిగేది రాత్రి బసల వల్ల. జులై, ఆగస్టుల్లో అద్దెలు బాగా ఎక్కువ, అందుకే వీలున్నవాళ్లను మే నెలకో, సెప్టెంబర్‌కో రమ్మంటున్నాను. బిల్లులో ఇంటి అద్దె, వ్యాన్, పడవ టికెట్లు విడివిడిగా రాసి పంపుతాం. వీసా చేతికి వచ్చేదాకా రీఫండ్ రాని ఇల్లు ఏదీ బుక్ చేయం. పడవ రద్దయితే ఆ డబ్బు మొత్తం మీకు వెనక్కి వస్తుంది.

ఒక్కరోజు ట్రిప్‌కి ఇప్పటికే అడ్వాన్స్ కట్టినవాళ్లకు ఈ వారంలోనే పూర్తిగా తిరిగి పంపుతున్నాం. నాలుగు రాత్రులకు మార్చుకుంటామంటే తేదీలు, ఎంతమంది, పెద్దవాళ్ల వయసు, ఎంత దూరం నడవగలరో రాసి పంపండి.